కంప్యూటరునకు లేపనము

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిపై ఎల్.బి.నగర్ దాటి, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేటల మీదుగా సాగినచో అబ్దుల్లాపూర్‌మెట్ వచ్చును. 2016వ సంవత్సరమున ఇది మండల కేంద్రమయ్యెను. బాటసింగారము పండ్ల మార్కెట్టు, రామోజీ ఫిల్మ్ సిటీ ఈ మండలములోనివే. చుట్టును రాతిగుట్టలు. వేసవిలో ఆ రాళ్ళు పగలంతయు ఎండను త్రాగి, రాత్రివేళ దానినే మనపై క్రక్కుచుండును. పదవీ విరమణము చేసిన పిదప నేనిక్కడనే ఇల్లు కట్టుకొని స్థిరపడితిని.

మా ప్రక్కింటి యువకుడు పెండ్లి వీడియోలను కూర్చి యిచ్చు పనిచే జీవించుచున్నాడు. వానికి తండ్రి లేడు. తల్లియు, చదువుకొనుచున్న చెల్లెలును వాని సంపాదనపైననే ఆధారపడియున్నారు. గడచిన మే మాసమున ముహూర్తములు మెండుగా నుండెను. మూడు పెండ్లిండ్ల వీడియోలు పదిదినములలో ఇచ్చెదనని వాడు బయానా పుచ్చుకొనెను. అప్పుడే వాని కంప్యూటరు మొరాయించెను. పని మొదలిడిన రెండు మూడు నిమిషములకే అది తనంతట తానే ఆరిపోవుచుండెను. ఒక దుకాణమువారు దానిని చూచి, ప్రాసెసరు కాలిపోయినదనియు, క్రొత్తది వేయవలెననియు చెప్పి, వాడు రెండు నెలలలో గూడ సంపాదింపలేని మొత్తమును అడిగిరి. తల్లి తన పుస్తెలతాడు తాకట్టు పెట్టుదమా యని ఆలోచించుచుండెను.

నేను తెలుగు పండితుడను. యంత్రముల మర్మము నాకు తెలియదు. కాని నాయొద్ద చదివినవా డొకడు దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్లను మరమ్మతు చేయు చిన్న దుకాణము నడుపుచున్నాడు. ఆ యంత్రమును ఆటోలో పెట్టుకొని మేమిరువురము వానియొద్దకు పోయితిమి. ఆ దినమున నేను కన్నది, విన్నది, తరువాత చదివి తెలిసికొన్నది ఇచట వ్రాయుచున్నాను.

కంప్యూటరులో లెక్కలన్నియు చేయు భాగమును ప్రాసెసరు అందురు. అది సిలికాన్ అను పదార్థముతో చేసిన పలుచని బిళ్ళ. దానిపై కంటికి కానరాని విద్యుత్ మీటలుండును. వానిని ట్రాన్సిస్టర్లు అందురు. 1978లో వెలువడిన ఇంటెల్ 8086 అను ప్రాసెసరులో అట్టివి సుమారు 29,000 ఉండెను. నేటి ప్రాసెసర్లలో వందలకోట్లు ఉన్నవి. ఈ మీటలు క్షణమునకు కోట్లసార్లు తెరచుకొని మూసికొనుచుండును. అట్లు చేయుటకు వ్యయమగు విద్యుత్తు ఎచటికి పోవును? దీపమైనచో కొంత వెలుగగును, పంకా యైనచో కొంత గాలియగును. ప్రాసెసరునందు మాత్రము ప్రవేశించిన విద్యుత్తు దాదాపు సర్వమును వేడిగనే మారిపోవును. లెక్క యొక్క ఫలము మనకు తెరపై కానవచ్చును; దాని మూల్యము వేడి రూపమున చెల్లింపవలసియుండును.

ఆ వేడి యెంత? 2022లో వచ్చిన కోర్ ఐ9-13900కే అను ఇంటెల్ ప్రాసెసరు మిక్కిలి శ్రమించునపుడు 253 వాట్ల వరకు విద్యుత్తును గ్రహించును. బట్టలకు వాడు ఇస్త్రీపెట్టె వేయి వాట్లు గ్రహించునే, ఇది యెంతటిది అని మీరడుగవచ్చును. భేదమంతయు వైశాల్యమునందున్నది. ఇస్త్రీపెట్టె అడుగున చదరపు సెంటీమీటరునకు వచ్చు వేడి ఐదారు వాట్లు మాత్రమే. ప్రాసెసరు బిళ్ళ బొటనవ్రేలి గోరు కంటె కొంచెము పెద్దది. దానిపై చదరపు సెంటీమీటరునకు నూరు వాట్ల వేడి పుట్టును. ఆ వేడిని వెంటనే తొలగింపకున్నచో బిళ్ళ చెడిపోవును. అందుచే యంత్రకారులు దానికొక రక్షణ కల్పించినారు. ఉష్ణము 95 లేక 100 సెంటీగ్రేడు డిగ్రీలకు చేరగనే ప్రాసెసరు తన వేగమును తగ్గించుకొనును. అప్పటికిని వేడి తగ్గనిచో యంత్రమును ఆర్పివేయును. మా యువకుని యంత్రము ఆరిపోవుట చావు కాదు, అది ఆత్మరక్షణము. ఈ మాటను నా పూర్వవిద్యార్థి చెప్పగా విని ఆ యువకుడు తల్లికి ఫోను చేసెను.

యంత్రమునకు వేడియే శత్రువను సంగతి క్రొత్తది కాదు. 1946లో అమెరికాలో లోకమునకు చూపబడిన ఎనియాక్ అను కంప్యూటరులో సుమారు 18,000 వాల్వులు ఉండెను. అది 150 కిలోవాట్ల విద్యుత్తును మ్రింగెడిది. దానిని చల్లబరచుటకే పెద్ద పంకాలు కావలసివచ్చెను. మన హైదరాబాదునందు 1967లో స్థాపింపబడిన ఈ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును తయారు చేసెను. 1980లో వచ్చిన ఐ.బి.ఎం. 3081 యందు బిళ్ళలపై చిన్నచిన్న లోహపు ముషలములు ఆని యుండెను. ఆ సందులలో గాలికి బదులు హీలియము వాయువును నింపి, పైన నీటిని పారించిరి. 1985 నాటి క్రే-2 యందైతే యంత్రభాగములనే ఒక ద్రవములో ముంచివైచిరి! ఆ ద్రవము విద్యుత్తును ప్రసరింపజేయనిది కనుక ప్రమాదము లేకపోయెను.

ఐ.బి.ఎం. వారు సందులలో గాలిని తీసివేసి హీలియము నేల నింపిరి? ఇదియే మన విషయమునకు కీలకము.

ప్రాసెసరు పైన ఒక లోహపు మూత యుండును. ఆ మూతపై చల్లబరచు సాధనము యొక్క రాగి పలకను ఆనించి మరలు బిగింతురు. రెండును అద్దమువలె నునుపుగా కనిపించును. కాని సూక్ష్మదర్శినితో చూచినచో ఆ తలములపై గుట్టలు, లోయలు కానవచ్చును. మా రాచకొండ గుట్టల వరుస నొకదానిని పెకలించి, మరియొక వరుసపై తలక్రిందులుగా బోర్లించినట్లు ఊహింపుడు. శిఖరములు కొన్ని చోట్ల తగులును, తక్కినదంతయు శూన్యము. ఆ శూన్యమున గాలి యుండును. గాలి వేడికి చెడ్డ వాహకము. రాగి దానికంటె సుమారు 15,000 రెట్లు మేలైనది. ఉన్ని దుప్పటిలో మనలను వెచ్చగా నుంచునది ఉన్నికంటెను అందు చిక్కుకొన్న గాలియే యని మీరు చదివియుందురు. చలికాలమున మనకు మేలుచేయు ఆ గుణమే ఇక్కడ కీడు చేయుచున్నది.

కాబట్టి ఆ సందులను పూడ్చుటకు ఒక లేపనమును వాడుదురు. దానినే థర్మల్ పేస్టు అందురు. అది సామాన్యముగా సిలికోన్ నూనెలో జింకు ఆక్సైడు, అల్యూమినియం ఆక్సైడు వంటి మెత్తని పొడులను కలిపి నూరిన పదార్థము. బూడిదవర్ణమున, కొన్ని తెల్లగను, పంటిపేస్టువలె నుండును. దాని వాహకత గాలికంటె సుమారు 200 రెట్లు అధికము. అయినను రాగిలో 80వ వంతు మాత్రమే. ఈ రెండవ సంగతిని అనేకులు మరచిపోవుదురు.

ఒక చిన్న లెక్క చేయుదము. పలక వైశాల్యము 10 చదరపు సెంటీమీటర్లు, దాటవలసిన వేడి 150 వాట్లు, సందు మిల్లీమీటరులో 20వ వంతు అనుకొనుడు. ఆ సందునిండ గాలియే యున్నచో, అంత వేడి దాటుటకు ఇరువైపుల నడుమ సుమారు 290 డిగ్రీల భేదము కావలెను. అనగా ప్రాసెసరు మాడిపోవును. అదే సందున పేస్టు నిండియున్నచో డిగ్రీన్నర భేదము చాలును. మరి మేలైనదే కదా యని పేస్టును దట్టముగా పూసి, సందును అర మిల్లీమీటరు చేసితిమి అనుకొనుడు. భేదము 15 డిగ్రీలకు పెరుగును. రాతిగోడకు గచ్చు రాళ్ళ సందులను నింపుటకే గాని రాళ్ళను ఎడముగా నుంచుటకు కాదు గదా! పేస్టు గూడ అట్టిదే.

ఇక ఈ పేస్టు ఏల చెడును? యంత్రము పనిచేయునపుడు వేడెక్కును, ఆపినపుడు చల్లారును. వేడికి లోహములు వ్యాకోచించును. కాని అన్నియు ఒకే విధముగా వ్యాకోచింపవు. రాగి వ్యాకోచము సిలికాన్ వ్యాకోచమునకు సుమారు ఆరు రెట్లు. అందుచే ప్రతిదినము ఆ తలములు కంటికి తెలియని రీతిగా వంగుచు, సాగుచు, నడుమనున్న పేస్టును కొంచెము కొంచెముగా అంచులవైపునకు నెట్టివేయును. నడుమ బోడియగును. ఇది యొకటి. రెండవది, వేడిచే పేస్టులోని నూనె క్రమముగా ఊరి తొలగిపోయి పొడి మాత్రము మిగులును. అప్పుడది ఎండిన సున్నమువలె పగుళ్ళుబారును. ఆ పగుళ్ళలో మరల గాలి చేరును. మంచి పేస్టు కొన్ని సంవత్సరములు నిలుచును. పగలు రేయి వేడిలో మ్రగ్గు యంత్రమున అంతకంటె ముందే చెడును.

లేపనములలో ద్రవలోహ మను వేరొక జాతి కలదు. గాలియము ప్రధానముగా గలిగిన ఆ మిశ్రమము సామాన్యపు పేస్టుకంటె పలురెట్లు మేలైన వాహకము. ఆవర్తన పట్టికను కూర్చిన మెండలీవ్ 1871లోనే ఈ మూలకము ఉండితీరవలెనని చెప్పగా, 1875లో అది కనుగొనబడెను. శుద్ధమైన గాలియము దాదాపు 30 డిగ్రీలకే కరగును. మా యూరి వేసవిలో పొయ్యి యక్కరలేదు. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5 అను ఆటయంత్రమున ద్రవలోహమునే వాడినారు. అయినను గృహస్థులు దీని జోలికి పోకుండుట మంచిదని నా మతము. అది విద్యుత్తును ప్రసరింపజేయును, ఒక చుక్క జారినను యంత్రము పోవును. పైగా అల్యూమినియమునకు తగిలినచో దాని లోనికి చొచ్చి, లోహమును బిస్కెట్టువలె పెళుసుగా చేయును.

ఇప్పుడు నీటి మాట. మా యువకుని యంత్రమునకు లిక్విడ్ కూలరు ఉండెను. ఐదేండ్ల క్రిందట సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో కొన్నది. దాని పనితీరు మోటారుబండి రేడియేటరు వంటిదే. ప్రాసెసరుపై ఆనియున్న రాగి పలక లోపలివైపున మిక్కిలి సన్నని రెక్కలుండును. రెక్కకు రెక్కకు నడుమ సందు కాగితపు మందమున నుండును. చిన్న పంపు ఆ సందులగుండ ద్రవమును పారించును. వేడిని గ్రహించిన ద్రవము ఒక రబ్బరు గొట్టముగుండ రేడియేటరునకు పోవును. అచట పంకాలు గాలిని విసరి వేడిని తొలగించును. చల్లారిన ద్రవము రెండవ గొట్టముగుండ తిరిగివచ్చును.

నీటిని ఎన్నుకొనుటకు కారణము దాని ఓర్పు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 4,180 జౌళ్ళ శక్తి కావలెను. నిమిషమునకు ఒక లీటరు చొప్పున నీరు పారుచున్నచో, 150 వాట్ల వేడిని మోసియు అది సుమారు రెండు డిగ్రీలు మాత్రమే వేడెక్కును. కాని ఒక సంగతి మరువరాదు: ఇది వేడిని గదిలోని గాలికి అప్పగించు సాధనమే గాని శీతలయంత్రము కాదు. గది 40 డిగ్రీలున్నచో నీరు 40కంటె చల్లబడజాలదు. డిసెంబరులో చక్కగా పనిచేసిన యంత్రము మే మాసమున అలసుటకు కారణమిదియే. మా ప్రాంతపు యంత్రములు వేసవి వచ్చునప్పటికే పదునైదు, ఇరువది డిగ్రీలు నష్టపడి పరుగు మొదలిడును.

నా విద్యార్థి ఆ యంత్రమును విప్పకయే మొదట చేతితో పరీక్షించెను. దానిని నడిపించి, ఒక చేయి రేడియేటరుపై, రెండవది గొట్టములపై నుంచి, వైద్యుడు నాడి చూచినట్లు నిలిచెను. తెరపై ఉష్ణము చూచుచుండ నిమిషములోనే నూరునకు దుమికెను.

“సార్, పంపు నిలిచిపోయినచో ప్రాసెసరు కాలుచుండగా రేడియేటరు చల్లగా నుండును. ఇది వెచ్చగా నున్నది. నీరు పారుచున్నది. ఉష్ణము మెల్లగా పది ఇరువది నిమిషములకు పెరిగినచో నీటియందో, పంకాలయందో లోపముండును. ఏలననగా నీరు వేడెక్కుటకు కొంత కాలము పట్టును. ఇట్లు ఒక్కసారి దుమికినచో ముందుగా పేస్టునే అనుమానింపవలెను” అని వాడు చెప్పెను. వాడు ఎనిమిదవ తరగతిలో లెక్కలయందు మిక్కిలి వెనుకబడినవాడు. ఆనాడు నేను వానిని ఏమేమో అంటిని.

మరలు విప్పి పలకను తీయగా పేస్టు ఎండి, నడుమ వెలవెలబోయి, అంచులందు గట్టుకట్టి యుండెను. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన మెత్తని గుడ్డతో దానిని తుడిచివేసెను. పిమ్మట బఠాణీ గింజయంత క్రొత్త పేస్టును నడుమ నుంచి, పలకను నిలువుగా దించి, మరలను ఎదురెదురు మూలల వరుసలో కొంచెము కొంచెముగా బిగించెను. ఒక మూలనే మొదట బిగించినచో పలక వాలి, పేస్టు ఒకవైపున దట్టమై మరియొకవైపున చాలకపోవును.

యంత్రము ఆరిపోవుట మానెను. కాని కథ ముగియలేదు. అరగంట నడిపినపిదప ఉష్ణము మెల్లమెల్లగా ఎక్కి మరల తొంబదియారునకు చేరెను. వాడు చెప్పిన రెండవ లక్షణము! రేడియేటరు రెక్కల నడుమ చూడగా దుమ్ము కంబళివలె పేరుకొని యుండెను. రహదారి ప్రక్క ఇల్లు. దుమ్మునకు కొదువ లేదు. బ్రష్షుతో, గాలిపంపుతో దానిని వదలించెను.

ఇచట నా తప్పొకటి చెప్పక తప్పదు. నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్నకాలమున పాఠశాలకు కంప్యూటర్లు వచ్చినవి. దుమ్ము పడునని నేను వానికి గుడ్డ తొడుగులు కుట్టించి, పనిచేయుచున్నపుడు గూడ పెట్టెపై తొడుగు తీయరాదని ఆజ్ఞాపించితిని. అవి తరచుగా నిలిచిపోవుచుండగా కరెంటును నిందించితిని. ఊపిరాడకుండ చేసినది నేనే యని దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ దినమున గ్రహించితిని.

దుమ్ము పోయిన పిదప ఉష్ణము మరికొంత తగ్గెను గాని, కూలరును కదలించినపుడెల్ల లోపల నీరు గుడగుడలాడు చప్పుడు వినవచ్చెను. నిండుకుండ తొణకదు, ఇది నిండుగా లేదన్నమాట. మూసియున్న గొట్టములలోని నీరు ఎట్లు తగ్గును? ఎక్కడను చుక్క కారిన గుర్తు లేదు. రబ్బరు మనకు నీరు చొరనిదిగా తోచును. కాని మట్టికుండ చెమర్చినట్లే, రబ్బరుగుండ గూడ నీటియావిరి అతి స్వల్పముగా తప్పించుకొని పోవుచుండును. ముడివేసిన బుగ్గ రెండు మూడు దినములకు వాడిపోవుట మీ రెరుగుదురు. అది దినములలో జరుగును. ఇది ఏండ్లలో జరుగును. నీరు తగ్గినచోట గాలి చేరును. గాలి ఎప్పుడును ఎత్తైన తావునకు పోవును. పంపే మిక్కిలి ఎత్తున నున్నచో గాలిబుడగలు దానిలో చేరి నీటిని నెట్టనీయవు. నీటితోనే కందెన పొందవలసిన దాని ఇరుసు అరిగిపోవును. కావుననే పంపును రేడియేటరు పైభాగము కంటె దిగువగా నుంచవలెనని చెప్పుదురు.

మరియొక చీడ కలదు. ఇట్టి కూలర్లలో పలక రాగి, రేడియేటరు సాధారణముగా అల్యూమినియము. రెండు వేరు లోహములు ఒకే ద్రవమున తడిసియున్నచో ఏమగునో ఓల్టా 1800లో నిర్మించిన ఘటము తెలుపుచున్నది. విద్యుత్తు పుట్టి, ఒక లోహము కరగుచుండును. ఇక్కడ కరగునది అల్యూమినియము. దానిని అరికట్టుటకు ద్రవమున గ్లైకాల్‌తోబాటు తుప్పును నివారించు మందులు, పాచి పట్టకుండ వేరొక మందును కలుపుదురు. ఆ మందుల బలము కాలక్రమమున సన్నగిల్లును. అప్పుడు పుట్టు మడ్డి పోయి పోయి, కాగితపు మందము గల ఆ రెక్కల సందులలోనే చిక్కుకొనును.

“నీరు తక్కువైనచో మా బోరు నీళ్ళు పోయవచ్చునా, అన్నా?” అని యువకుడడిగెను. అందరును నవ్విరి గాని ప్రశ్న సమంజసమైనదే. ఈ కూలరు నింపుటకు వీలులేకుండ మూసివేయబడినది. వీలున్నను మా బోరునీరు పనికిరాదు. దానిని కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టుట మా ఇంటిల్లిపాదికి తెలిసినదే. ఆ పెచ్చు రెక్కల సందులలో కట్టినచో ఇంకేమున్నది!

క్రొత్త లిక్విడ్ కూలరు కొనుటకు వానివద్ద ధనము లేదు. నా విద్యార్థి గాలితో పనిచేయు కూలరొకటి బిగించెను. దాని ధర నీటికూలరు ధరలో చాల తక్కువ. అందులో రాగి గొట్టములున్నవి; వానిలోపల కొలదిపాటి నీరు, తక్కువ పీడనమున బంధింపబడి యుండును. క్రింద వేడికి ఆ నీరు ఆవిరియై పైకి పోయి, రెక్కలవద్ద చల్లబడి, గొట్టపు గోడలనంటిన వత్తివంటి పొరగుండ తిరిగివచ్చును. పంపు లేదు, రబ్బరు లేదు. అరుగుటకు పంకా యొక్కటియే. వేగము కొంచెము తగ్గించుకొని వాడు పని చేసెను. పంకా చప్పుడు మా ఇంటికి గూడ వినవచ్చుచుండెడిది. మూడు వీడియోలలో రెండు గడువులోపలను, మూడవది ఒక దినము ఆలస్యముగను అందజేసెను. పుస్తెలతాడు ఇల్లు దాటలేదు.

పాత కూలరును నేనడిగి తెచ్చుకొంటిని. సెలవులలో పిల్లలు నలుగురు చేరగా, ద్రవమును ఒక సీసాలోనికి జాగ్రత్తగా వంపి, అది విషతుల్యము కావచ్చును గనుక ఎవ్వరును ముట్టరాదని చెప్పి మూతపెట్టి, పలకను విప్పి కడిగితిమి. రాగి రెక్కలపై ఆకుపచ్చయు తెలుపును కలిసిన మడ్డి, మూడవవంతు సందులను పూడ్చివేసి యుండెను. భూతద్దము చేతికిచ్చినచో ప్రతి పిల్లవాడును రెక్కలను లెక్కింప మొదలిడును. ఇంతవరకు ఎవ్వరికిని ఇద్దరికి ఒకే లెక్క రాలేదు.